ఐదు తీగల కీత్ రిచర్డ్స్

కీత్ రిచర్డ్స్ పేరు ఎత్తగానే ముందుగా వినిపించేది ఆయన గిటార్ గురించిన మాట కాదు. పాశ్చాత్య పత్రికల్లోనైనా, మన దగ్గర రాక్ వినేవాళ్ళ మధ్యనైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఆ మనిషి ఇంకా ఎలా బతికున్నాడు? ఆయన 1943 డిసెంబర్ 18న ఇంగ్లండ్‌లో, కెంట్ ప్రాంతపు డార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. 1962 నుంచి రోలింగ్ స్టోన్స్ బృందంలో వాయిస్తున్నారు. అరవై ఏళ్ళకు పైబడి ఒకే బృందంలో, ఒకే వాద్యం మీద పని చేసిన కళాకారుడి విషయంలో లోకానికి మిగిలిన కుతూహలం ఆయన కాలేయం గురించీ, ఊపిరితిత్తుల గురించీ కావడం నాకు బాధాకరంగా తోస్తుంది. మత్తుమందులు మింగి, చట్టాన్ని ఎదిరించి, చావును ఓడించిన తిరుగుబాటుదారు అన్న బొమ్మ ఒకటి ఆయన చుట్టూ తయారైంది. ఆ బొమ్మ పూర్తిగా అబద్ధమని నేను అనను. కానీ అది మూడు విషయాలను మన కంటికి కనబడకుండా చేసింది: ఆయన చేసిన కష్టం, ఆయన గురువుల రుణం, ఆయనలా బతికి బయటపడలేకపోయిన మనుషులు. రిచర్డ్స్ అసలు ఘనత ఒక లయ వాద్యకారుడి ఘనత, తన భాగంలోంచి ఏది తీసెయ్యాలో తెలిసినవాడి ఘనత. ఈ ఉపన్యాసంలో నేను నిరూపించదలచుకున్నది అదే.

ముందు ఆ బొమ్మ ఎలా తయారైందో చూద్దాం. 1963లో స్టోన్స్‌కు మేనేజర్‌గా వచ్చిన ఆండ్రూ లూగ్ ఓల్డమ్ అప్పటికి ఇరవై నిండని కుర్రవాడు. బీటిల్స్ సూట్లు వేసుకుని తల్లిదండ్రుల మెప్పు కూడా పొందుతున్న రోజులవి. తన బృందం పెద్దవాళ్ళకు భయం పుట్టించాలని ఆయన లెక్క వేశారు. ఇంటి ఆడపిల్లను వీళ్ళతో బయటికి పంపుతారా అనే అర్థం వచ్చే శీర్షికలు 1964లో పత్రికల్లో వచ్చాయంటే అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటి వెనుక ఓల్డమ్ నడిపిన ప్రచారం ఉంది. రిచర్డ్స్ ఇంటిపేరు చివరి ‘స్’ను తీసేసి కొన్నేళ్ళపాటు కీత్ రిచర్డ్ అని రాయించింది కూడా ఆయనే. ఓల్డమ్ మొదలుపెట్టిన పనిని ప్రభుత్వం ముందుకు తీసుకుపోయింది. 1967 ఫిబ్రవరి 12న ససెక్స్‌లోని రెడ్‌లాండ్స్ అనే రిచర్డ్స్ ఇంటి మీద పోలీసులు దాడి చేశారు. ఆయన మీద మోపిన నేరం, తన ఇంట్లో గంజాయి కాల్చనిచ్చారన్నది. జూన్ చివర చిచెస్టర్ కోర్టు ఏడాది జైలు వేసింది. వీళ్ళు మామూలు యువకులైతే ఇంత శిక్ష పడేదా అని ‘ది టైమ్స్’ సంపాదకుడు విలియం రీస్-మాగ్, అదే కేసులో బృందపు గాయకుడు మిక్ జాగర్‌కు పడిన శిక్షను ఉద్దేశించి, అలెగ్జాండర్ పోప్ కవితా పంక్తిని శీర్షికగా పెట్టి సంపాదకీయం రాశారు. జూలై 31న అప్పీలు కోర్టు రిచర్డ్స్ శిక్షను కొట్టేసింది. విచారణలో ప్రాసిక్యూటర్‌కు ఎదురు నిలిచి, మీ చిల్లర నీతులతో మాకు పని లేదన్న ధోరణిలో జవాబిచ్చిన ఇరవైమూడేళ్ళ యువకుడు ఒక్క వేసవిలో ఒక తరానికి ప్రతీక అయిపోయాడు. అంతకుముందు ఛాయాచిత్రాల్లో జాగర్ వెనక, గిటారిస్టు బ్రయాన్ జోన్స్ పక్కన కాస్త సిగ్గుపడుతూ కనిపించిన మనిషే ఇతను.

ఆ తర్వాత ఆ బొమ్మ తనంతట తానే పెరిగింది. 1973లో స్విట్జర్లాండ్‌లో ఒంట్లోని రక్తమంతా మార్పించుకున్నారన్న పుకారు దశాబ్దాల పాటు నడిచింది. అది తాను విలేకరులతో వేసిన హాస్యమని ఆయనే తర్వాత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. త్వరలో చనిపోబోయే రాక్ తారల జాబితాలో పదేళ్ళపాటు తన పేరే పైన ఉండేదని ఆత్మకథలో రాసుకున్నారు. 2006లో ఫిజీలో చెట్టు మీంచి పడి, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మెదడుకు శస్త్రచికిత్స చేయించుకుంటే అదీ ఆ పురాణంలో ఒక అధ్యాయం అయింది. మన నగరాల్లోనూ బాగా ఆడిన ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ సినిమాల్లో జాక్ స్పారో పాత్ర నడకకూ మాటతీరుకూ రిచర్డ్స్‌నే ఆధారంగా తీసుకున్నానని జానీ డెప్ చెప్పారు. 2007లో వచ్చిన మూడో భాగంలో ఆ పాత్ర తండ్రిగా రిచర్డ్సే నటించారు. సముద్రపు దొంగ తండ్రి వేషంతో చక్రం పూర్తయింది: వాద్యకారుడు పోయి వేషధారి మిగిలాడు. 2003 ఏప్రిల్‌లో స్టోన్స్ బెంగళూరు, ముంబయి నగరాల్లో కచేరీలు చేసేనాటికే మన దేశంలో చాలామందికి ఆయన సంగీతం కంటే ముందు ఆయన కథ చేరిపోయింది.

ఇక చేతులు చేసిన పని దగ్గరికి వద్దాం. అక్కడ కనిపించేది పూర్తిగా వేరే మనిషి. రిచర్డ్స్ తల్లి తరఫు తాత గస్ డుప్రీ డాన్స్ బ్యాండ్ నడిపిన సంగీతకారుడు. మనవడికి గిటార్ మీద ఆశ పుట్టించింది ఆయనే. చేతికి ఇచ్చి బలవంతంగా నేర్పలేదు. పిల్లవాడు తనంతట తాను అందుకునేదాకా కంటి ఎదురుగా ఉంచారు. ఆ తాత మీద ఉన్న ప్రేమతో 2014లో పిల్లల కోసం ఒక పుస్తకం కూడా తెచ్చారు రిచర్డ్స్. బొమ్మలు కూతురు థియోడోరా వేసింది. బడిలో ఉండగా బృందగానంలో పైస్థాయి గొంతుతో పాడేవారు; వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎలిజబెత్ రాణి ఎదుట పాడిన పిల్లల్లో ఆయన ఒకరు. గొంతు మారగానే ఆ బృందంలోంచి బయటికి పంపేశారు. అయితే పలు గొంతులు ఒకదానిలో ఒకటి ఇమడటం ఎలాగో లోపలినుంచి తెలుసుకున్న చెవి అది. సిడ్‌కప్ ఆర్ట్ కాలేజీకి పోయే రోజుల్లో, 1961 అక్టోబర్‌లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో చిన్ననాటి బడి స్నేహితుడు మిక్ జాగర్ ఎదురుపడ్డారు. జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో అప్పుడవి సులువుగా దొరికే సరుకు కాదు. జాగర్ అమెరికా నుంచి తపాలాలో తెప్పించుకునేవారు. తర్వాత లండన్‌లో ఎడిత్ గ్రోవ్ అనే వీధిలో చలికి వణుకుతూ ఒక పాడుబడ్డ వాటాలో ఉన్నన్నాళ్ళూ రిచర్డ్స్, బ్రయాన్ జోన్స్ చేసింది ఆ రికార్డులను మళ్ళీ మళ్ళీ తిప్పి వినడం, రెండు గిటార్లలో ఎవరు ఏ స్వరం పలికిస్తున్నారో విడదీసుకోవడం. తిరుగుబాటుదారు బొమ్మలో ఈ సాధకుడికి చోటు లేదు. గురుకులంలో చేరినవాడి సాధన కంటే ఇది తక్కువది కాదు. గురువులు మాత్రం సముద్రానికి అవతల ఉన్నారు. పాఠం రికార్డులోంచి రావాలి.

శబ్దం విషయంలో ఆయన బుర్ర ఎలా పని చేసేదో రెండు పాటలు చూస్తే తెలుస్తుంది. 1965లో లోకమంతా మోగిన ‘సాటిస్‌ఫాక్షన్’ పాట ఆరంభంలోని గిటార్ పలుకు నిద్రలో తట్టిందని, మంచం పక్కన ఉన్న క్యాసెట్ రికార్డర్‌లో పట్టుకుని మళ్ళీ నిద్రపోయానని ఆయన చెప్పిన కథ అందరికీ తెలుసు. అంత ప్రచారంలోకి రానిది దాని తర్వాతి భాగం. మాస్ట్రో ఫజ్ బాక్స్ అనే చిన్న పరికరంతో గిటార్ నాదాన్ని బరువుగా, గరగరలాడేలా చేసింది, అక్కడ తర్వాత బాకాలు వాయించాలన్న ఆలోచనతో. అది ఒక చిత్తుప్రతి. బృందంలో ఎక్కువమంది దాన్నే విడుదల చేద్దామన్నారు. ఆయనకు ఇష్టం లేదు. అదే ఏడాది ఓటిస్ రెడింగ్ ఆ పాటను బాకాలతో పాడినప్పుడు ఆయన మనసులోని ఊహ బయటికి వినిపించింది. గిటార్ వాయిస్తూ మొత్తం వాద్యబృందాన్ని ఊహించిన మనిషి ఇక్కడ కనిపిస్తాడు. 1968లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్’ ఇంకా ఆశ్చర్యకరం. వినేవాళ్ళకు భీకరమైన ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతున్నట్టు ఉంటుంది. నిజానికి అందులో బేస్ తప్ప ఎలక్ట్రిక్ గిటార్ లేదు. మామూలు ఎకూస్టిక్ గిటార్‌ను అప్పట్లో కొత్తగా వచ్చిన చిన్న ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్ ముందు గట్టిగా వాయించి, ఆ యంత్రం మోయలేని శబ్దాన్ని దాని మీద మోపి, అప్పుడు పుట్టిన ఒరిపిడినే పాటకు ప్రాణంగా తీసుకున్నారు. అదే పాటలో బ్రయాన్ జోన్స్ సితార్, తంబూరా వాయించారని, డేవ్ మేసన్ షెహనాయ్ ఊదారని మన శ్రోతలు తెలుసుకోవడం బాగుంటుంది. యంత్రం లోపాన్ని గుణంగా మార్చుకోవడం ఎంతో శ్రద్ధగా వినే చెవికి తప్ప సాధ్యం కాదు.

ఆయన జీవితంలో అసలు మలుపు అదే 1968 ప్రాంతంలో వచ్చింది. అప్పటికి ఏళ్ళ తరబడి విరామం లేకుండా ఊరూరా తిరిగిన బృందానికి కాస్త తీరిక దొరికింది. రిచర్డ్స్ పాత బ్లూస్ రికార్డులకు తిరిగి వెళ్ళి, వాటిలోని వాద్యకారులు గిటార్‌ను మామూలుగా కాకుండా వేరే శ్రుతుల్లో బిగించారని గమనించి, ఆ పద్ధతులు సాధన చేశారు. వాటిలో ఓపెన్ జి ఆయన సొంతమైపోయింది. దీన్ని మన భాషలో చెబితే చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు గిటార్‌కు ఆరు తీగలు. ఆయన అన్నిటికంటే లావైన ఆరో తీగను పీకేశారు. మిగిలిన ఐదింటిలో మధ్యవి మూడూ ఎప్పటిలాగే ఉంటాయి, అటూ ఇటూ ఉన్న రెంటినీ ఒక్కో స్వరం దించుతారు. జి స్వరాన్ని షడ్జం అనుకుంటే కింది నుంచి పైకి వచ్చే వరస ఇది: స, ప, స, గ, ప. అంటే వేలు ఆనించకుండా మీటినా నిండు మేజర్ కార్డ్ పలుకుతుంది. రెండు షడ్జాలు, రెండు పంచమాలు, మధ్యలో ఒక అంతర గాంధారం. వెనక తంబూరా మోగుతుంటే పాడటం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఈ అమరికలో ఆ తంబూరా గిటార్ లోపలే ఉంది. ఒక్క వేలిని అడ్డంగా పరిస్తే కార్డ్ తయారు, మిగతా వేళ్ళకు స్వేచ్ఛ. ఆ వేళ్ళలో రెంటిని ఒక్క క్షణం ఆనించి తీస్తే కార్డ్ కదిలి మళ్ళీ తన చోటికి వస్తుంది. ‘బ్రౌన్ షుగర్’, ‘హాంకీ టాంక్ విమెన్’, 1981 నాటి ‘స్టార్ట్ మి అప్’ ఈ చిన్న కదలిక మీదే నిలబడ్డాయి. ఆరో తీగ లేకపోవడం వల్ల అడుగున బేస్ గిటార్‌కు దారి వదిలినట్టయింది. ఎరిక్ క్లాప్టన్ బహుమతిగా ఇచ్చారని చెప్పే 1950ల నాటి టెలికాస్టర్‌ను ఆయన ఈ ఐదు తీగలకే కేటాయించి, డికెన్స్ నవలలోని పాత్ర పేరు మీద ‘మికాబర్’ అని పిలుచుకుంటారు. ఇప్పటికీ ఆయన మనసు పెట్టి వాయించే గిటార్లలో అది ముఖ్యమైనది.

సాధించినది ఇంత తేలికైన అమరికే అయితే ఇందులో గొప్పేముంది, జిమీ హెండ్రిక్స్, జెఫ్ బెక్ వంటివాళ్ళ ముందు ఈయన ఏపాటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేగం, స్వరప్రస్తారం, ఒంటరిగా సాగే సోలో అన్న కొలతలతో చూస్తే రిచర్డ్స్ ముందు వరసలో ఉండరు. ఆయన బృందంలోనే 1969 నుంచి 1974 వరకు ఉన్న మిక్ టేలర్ సోలోల విషయంలో ఆయనకంటే ఎన్నో మెట్లు పైన ఉన్నారు. అయితే ఆ కొలత ఒంటరి వాద్యకారుడిని కొలిచేది. రిచర్డ్స్ ఎంచుకున్నది మరో బాధ్యత. రాక్ బృందాల్లో సాధారణంగా అందరూ డ్రమ్మర్‌ను అనుసరిస్తారు. స్టోన్స్‌లో డ్రమ్మర్ చార్లీ వాట్స్ రిచర్డ్స్ గిటార్‌ను అనుసరించేవారని, అందుచేత దెబ్బ వెంట్రుకవాసి వెనక పడి, పాట ఊగుతున్నట్టు ఉంటుందని అదే బృందంలో ముప్ఫై ఏళ్ళు బేస్ వాయించిన బిల్ వైమన్ వివరించారు. అంటే లయకు అధిపతి గిటార్. ఇక 1975లో వచ్చిన రోనీ వుడ్‌తో కలిసి ఆయన చేసే పనిని వాళ్ళు నేతపని అని పిలుచుకుంటారు: ఒకరు సోలో, ఇంకొకరు తోడు అన్న విభజన ఉండదు, ఒకరు వదిలిన చోట ఇంకొకరు పలుకుతారు, ఏది ఎవరిదో వినేవాడికి తెలియకూడదు. ఎక్కడ మీటకూడదో తెలియడం ఇందులో సగం విద్య. మన కచేరీల్లో పాట నిలబడేది లయ మీదేనని ఒప్పుకునే మనం, మృదంగ విద్వాంసుడిని ఎన్ని రాగాలు తెలుసని అడగం.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఈ బొమ్మ ఎవరో ఆయన మీద రుద్దినది కాదు, ఆయనే పెంచుకున్నారు, దానితో సొమ్ము చేసుకున్నారు, పుర్రె ఉంగరం వేలికి పెట్టుకుని దశాబ్దాలు తిరిగారు, ఇప్పుడు మనం జాలిపడటం దేనికి అంటారు. నిజమే, ఆయన అమాయకుడు కారు. 2010లో జేమ్స్ ఫాక్స్ సహాయంతో వెలువరించిన ఆత్మకథ ‘లైఫ్’ ఆ బొమ్మను బాగానే అమ్ముకుంది. ఆయన సాక్ష్యాన్ని కూడా మనం తూకం వేసే తీసుకోవాలి. 1964లో షికాగోలోని చెస్ స్టూడియోకు మొదటిసారి వెళ్ళినప్పుడు మడ్డీ వాటర్స్ నిచ్చెనెక్కి పైకప్పుకు రంగు వేస్తున్నారని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. అలాంటిదేమీ జరగలేదని ఆ స్టూడియో యజమానుల కుటుంబానికి చెందిన మార్షల్ చెస్ గట్టిగా ఖండించారు. కథ బాగుంటే దాన్ని వదలని స్వభావం ఆయనది. అయినా అదే ఆత్మకథలో, తన కోసం రాసిపెట్టిన పాత్రను తాను ఎంతవరకు నటించానో ఇప్పుడు విడదీసి చెప్పలేనని ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట నాకు మిగతా సాహసగాథలన్నిటికంటే విలువైన సాక్ష్యం. నటుడు ఒప్పుకున్నంత మాత్రాన నాటకం నిజమైపోదు. ఆయన దాన్ని వాడుకున్నారన్నది ఆయన స్వభావం గురించి ఒక తీర్పు. అది సంగీతాన్ని వివరిస్తుందా అన్నది వేరే ప్రశ్న. నా వాదన ఈ రెండో ప్రశ్న గురించే.

అక్కడే మూడో అభ్యంతరం ఎదురవుతుంది. ఆ జీవితం లేకుండా ఆ సంగీతం లేదు, ఆ మత్తులోంచే అది పుట్టింది అంటారు. దీనికి అందరూ చూపించే ఉదాహరణ 1972 నాటి ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’. 1971లో పన్నుల బాధ పడలేక ఇంగ్లండ్ వదిలిన బృందం దక్షిణ ఫ్రాన్స్‌లో విల్‌ఫ్రాంష్ అనే ఊళ్ళో రిచర్డ్స్ అద్దెకు తీసుకున్న నెల్‌కోట్ భవనపు నేలమాళిగలో దాన్ని రికార్డు చేసింది. ఇంటి నిండా హెరాయిన్, వచ్చేపోయే జనం. ఆల్బమ్ గొప్పది, అది ఆ వాతావరణంలోనే తయారైందన్నది కాదనలేం. అయితే తేదీలు వరసగా పేర్చి చూడండి. ఓపెన్ జి సాధన, క్యాసెట్ రికార్డర్ ప్రయోగాలు, ‘జంపిన్ జాక్ ఫ్లాష్’, ‘గిమ్మీ షెల్టర్’ అన్నీ 1968, 69 నాటివి, హెరాయిన్ ఆయన్ని పూర్తిగా పట్టకముందువి. ఎగ్జైల్‌లో మనం వింటున్నది అప్పటికే చేతికి అబ్బిన విద్యను. నెల్‌కోట్‌లో దొరికిన ముడి సరుకును లాస్ ఏంజెలెస్‌లో నెలల తరబడి సరిదిద్దారు. నిర్మాత జిమ్మీ మిల్లర్, పియానో వాయించిన నికీ హాప్కిన్స్, సాక్సాఫోన్ వాయించిన బాబీ కీస్ అందులో పెద్ద వాటాదారులు. వ్యసనం ముదిరిన 1973 నుంచి 1976 దాకా వచ్చిన మూడు ఆల్బమ్‌లలో మంచి పాటలు ఉన్నా ఆ పట్టు లేదు. మళ్ళీ బిగువు కనిపించేది 1978 నాటి ‘సమ్ గర్ల్స్’లో, అంటే టొరంటో అరెస్టు తర్వాత ఆయన వ్యసనం నుంచి బయటపడుతున్న కాలంలో. మత్తు కళకు తల్లి అయితే ఈ వరస తలకిందులుగా ఉండాలి.

టొరంటో అన్నాను కనుక అక్కడ కాసేపు ఆగాలి. చావును ఓడించినవాడు అన్న మాటలోని అన్యాయం అక్కడే కనిపిస్తుంది. 1977 ఫిబ్రవరి 27న ఆ నగరంలోని హోటల్ గదిలో పోలీసులకు 22 గ్రాముల హెరాయిన్ దొరికింది. అమ్మకం ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్నారన్న నేరం మోపారు, యావజ్జీవం దాకా శిక్ష పడే నేరం అది. 1978 అక్టోబర్‌లో, దగ్గర ఉంచుకున్న నేరం మాత్రం ఒప్పుకున్నాక న్యాయమూర్తి జైలు వేయకుండా, నిఘాలో ఉండమని, చికిత్స కొనసాగించమని, అంధుల కోసం ఒక కచేరీ చేయమని ఆదేశించారు. 1979 ఏప్రిల్‌లో ఒషావాలో ఆ ఆదేశం మేరకు కచేరీలు జరిగాయి. తీర్పు మానవీయమైనదే. కానీ మంచి న్యాయవాదులు, అమెరికాలో చికిత్సకు అనుమతి, డబ్బు, తిరిగి రావడానికి ఎదురుచూసే బృందం, ఇవన్నీ ఉన్నవాడు బతకడాన్ని అతని ఎముకల మహిమగా చెప్పడం సరికాదు. రెడ్‌లాండ్స్ కేసులోనే ఆయనతో పాటు శిక్ష పడిన రాబర్ట్ ఫ్రేజర్ జైల్లో శిక్ష అనుభవించారు. బృందాన్ని మొదలుపెట్టిన బ్రయాన్ జోన్స్ 1969 జూలై 3న ఇరవైఏడేళ్ళకే ఈతకొలనులో మునిగి పోయారు. రిచర్డ్స్‌కు అమెరికన్ కంట్రీ సంగీతాన్ని లోతుగా పరిచయం చేసిన ఆప్తమిత్రుడు గ్రామ్ పార్సన్స్ 1973లో ఇరవైఆరేళ్ళకు మత్తుమందుల వల్ల చనిపోయారు. 1976 జూన్‌లో రిచర్డ్స్ పసికందు టారా ఊయలలోనే కన్నుమూశాడు. ఆ కబురు అందిన రాత్రి ఆయన పారిస్‌లో వేదిక ఎక్కి వాయించారు. ఆ రాత్రి వాయించినందుకు ఆయనది రాతిగుండె అని కొందరన్నారు. ఆ కన్నబిడ్డ దుఃఖం తనను ఎన్నటికీ వదల్లేదని ఆయన తర్వాత రాశారు. చావును ఓడించిన మనిషి అనే పురాణంలో ఈ పిల్లవాడిని ఎక్కడ పెడతారు?

ఇక రుణం సంగతి. నల్లజాతి సంగీతకారుల విద్యను తెల్లవాళ్ళు తీసుకుని కోట్లు సంపాదించారన్న ఆరోపణ స్టోన్స్‌కు కూడా వర్తిస్తుంది. వర్తించదని వాదించడం నా ఉద్దేశం కాదు. రాబర్ట్ జాన్సన్ పాట ‘లవ్ ఇన్ వెయిన్’ను 1969లో రికార్డు చేసినప్పుడు ఆయన పేరు వేయలేదు, ఆ హక్కుల గొడవ తర్వాత కోర్టుల దాకా వెళ్ళింది. బానిసత్వాన్ని ప్రస్తావించే ‘బ్రౌన్ షుగర్’ను 2021లో కచేరీల జాబితా నుంచి తీసేశారు, అది ముందే జరగవలసిన పని. ఓపెన్ జి విషయంలో కూడా తెల్లజాతి గిటారిస్టు రై కూడర్ తన వాయింపును ఎత్తుకుపోయారని ఒకప్పుడు ఆరోపించారు; ఆయన దగ్గర నేర్చుకున్నానని రిచర్డ్స్ ఒప్పుకున్నారు. అయితే ఈ అన్యాయాన్ని కప్పిపెట్టేది వాద్య విద్య గురించిన చర్చ కాదు, తిరుగుబాటుదారు పురాణం. తనంతట తాను పుట్టిన సముద్రపు దొంగకు గురువులు అక్కర్లేదు. చేతుల వైపు చూస్తే మాత్రం గురువులు ఒక్కొక్కరే ముందుకు వస్తారు. స, ప, స, గ, ప అనే ఆ ఐదు తీగల వరస ఐదు తీగల బాంజోది. ఆ బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వాద్యం నుంచి వచ్చింది. 1965లో అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ‘షిండిగ్’కు తాము రావాలంటే బ్లూస్ గాయకుడు హౌలిన్ వోల్ఫ్‌ను పిలవాలని స్టోన్స్ పట్టుపట్టారు, ఆయన పాడుతుంటే ఆయన పాదాల దగ్గర కూర్చున్నారు. 1986లో చక్ బెర్రీ అరవయ్యో పుట్టినరోజు కచేరీలకు రిచర్డ్స్ సంగీత దర్శకత్వం వహించారు. టేలర్ హాక్‌ఫర్డ్ తీసిన డాక్యుమెంటరీలో బెర్రీ ఆయన్ని ఒకే పలుకు మళ్ళీ మళ్ళీ వాయించమని అందరి ఎదుట గద్దిస్తారు. అప్పటికే ప్రపంచ ప్రఖ్యాతుడైన శిష్యుడు ఓర్చుకుని మళ్ళీ వాయిస్తారు. బెర్రీ పాటల వెనక ఉన్న పియానో వాద్యకారుడు జానీ జాన్సన్ అప్పుడు సెయింట్ లూయిస్‌లో బస్సు నడుపుకుంటున్నారు. ఆ పాటల శ్రుతులు గిటార్‌కు అనువైనవి కావని, పియానో మీద పుట్టినవని గమనించి, జాన్సన్ వాటా ఎంతో అందరికీ చెప్పి, ఆయన్ని మళ్ళీ వేదిక మీదికి, 1988లో తన సొంత ఆల్బమ్ ‘టాక్ ఈజ్ చీప్’లోకి తీసుకువచ్చారు. ఇది మొత్తం రుణం తీర్చదు. కానీ ఎవరికి ఎంత బాకీ ఉన్నామో లెక్క రాయాలంటే ముందు సంగీతాన్ని సంగీతంగా వినాలి.

2021 ఆగస్టులో చార్లీ వాట్స్ పోయారు. ఆ స్థానంలో కూర్చున్న స్టీవ్ జోర్డన్ 1980ల నుంచి రిచర్డ్స్ సొంత బృందంలో డ్రమ్స్ వాయించినవారు. దాదాపు అరవై ఏళ్ళపాటు గిటార్ వెనక నడిచిన డ్రమ్స్ ఇప్పుడు వేరే చేతుల్లో ఉన్నాయి, వేరే చోట దెబ్బ పడుతోంది. 2023లో వచ్చిన ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బమ్ చివర జాగర్, రిచర్డ్స్ ఇద్దరే మిగిలి మడ్డీ వాటర్స్ పాటను వాయించారు, తమ బృందానికి పేరిచ్చిన పాటను. ఆ సమయంలోనే తన వేళ్ళకు కీళ్ళవాతం వచ్చిందని, నొప్పి లేదు గానీ వాయించే తీరు మారిందని, ఇలా కుదరకపోతే మరోలా ఎలాగో గిటారే చూపిస్తోందని రిచర్డ్స్ చెప్పారు. ఈ మాట విన్నాక అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. ఏ కార్డ్‌లను ఆయన వదిలేశారు, ఏ వేలి పని ఏ వేలికి మారింది, ఐదు తీగల్లో ఇప్పుడు ఎన్నింటిని నిజంగా మీటుతున్నారు, రోనీ వుడ్ భాగం ఎంత పెరిగింది, జోర్డన్ ఆయన్ని అనుసరిస్తున్నారా, ఆయనే జోర్డన్‌ను అనుసరిస్తున్నారా? 1969 నుంచి నేటి దాకా అవే పాటల కచేరీ రికార్డింగులు మన ముందున్నాయి, పక్కపక్కన పెట్టి వినవచ్చు. ఎనభై దాటిన ఆ వాద్యకారుడు జవాబు చెప్పగలిగి ఉండగానే ఎవరో ఒకరు ఈ ప్రశ్నలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాలి.